టెక్ సందేహాలు: పీ0456 చూపిస్తే క్యానిస్టర్ మార్చేయాలా?

ప్రశ్న: నేను టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉంటాను. నాది సెకండ్ హ్యాండ్‌లో కొన్న 2007 టయోటా క్యామ్రీ. చెక్ ఇంజిన్ లైటు వెలిగితే కారు కంప్యూటర్‌లోని కోడ్‌లను ఫోన్‌లో చూపించే బ్లూటూత్ ఓబీడీ డాంగిల్ పెట్టి చూశాను. పీ0456 అని వచ్చింది. ఫ్యూయల్ క్యాప్ తీసి గట్టిగా బిగించాను, మూడు రోజులైనా లైటు ఆరలేదు. మెకానిక్ చార్‌కోల్ క్యానిస్టర్ మొత్తం మార్చాలంటున్నాడు. వచ్చే నెలే రిజిస్ట్రేషన్ రెన్యువల్, ఒకటే టెన్షన్. యాప్‌లో కోడ్ చెరిపేసి ఎమిషన్స్ టెస్టుకు వెళ్లిపోవచ్చా?

జవాబు: ఆ క్లియర్ బటన్ జోలికి ఇప్పుడే వెళ్లకండి. టెక్సస్‌లో 2025 జనవరి నుంచి సొంత కార్లకు సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ తీసేశారు గానీ డాలస్, కాలిన్, డెంటన్ వంటి కౌంటీల్లో ఎమిషన్స్ టెస్ట్ అలాగే ఉంది. అక్కడ లైటుతో పాటు కారు తనను తాను పరీక్షించుకుందా లేదా అన్నదీ చూస్తారు. కారు చేసుకునే ఈ పరీక్షలనే రెడీనెస్ మానిటర్లు అంటారు. కోడ్ చెరిపితే అవన్నీ సున్నాకు వస్తాయి, బ్యాటరీ వైరు పీకినా అంతే. 2001, ఆ తర్వాతి మోడళ్లకు ఒక్క మానిటర్ పూర్తికాకపోయినా ఒప్పుకుంటారు. నిన్న రాత్రి చెరిపి ఇవాళ పొద్దున వెళితే మాత్రం దాదాపు అన్నీ ఖాళీగానే కనిపిస్తాయి, తిప్పి పంపేస్తారు. పైగా ఫ్రీజ్ ఫ్రేమ్ కూడా పోతుంది. కోడ్ పడిన క్షణంలో కూలెంట్ వేడి, స్పీడు లాంటివి ఎంతెంత ఉన్నాయో అందులో ఉంటుంది. ముందు దాన్ని స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి.

ఇక కోడ్ సంగతి. పీ0456 అంటే చాలా చిన్న లీకు, సుమారు 0.020 అంగుళాలు, అంటే అర మిల్లీమీటరు రంధ్రం. పీ0442 దానికంటే కాస్త పెద్దది, పీ0455 బాగా పెద్దది. ట్యాంకులోని పెట్రోలు ఆవిరి గాల్లో కలవకుండా క్యానిస్టర్‌లోని బొగ్గు పట్టి ఉంచుతుంది. ఇంజిన్ నడిచేటప్పుడు పర్జ్ వాల్వ్ తెరుచుకుని ఆ ఆవిరిని ఇంజిన్‌లోకి లాగేస్తుంది. ఈ దారిలో ఎక్కడో గాలి పోతోందని మాత్రమే కోడ్ చెబుతుంది. ఎక్కడన్నది చెప్పదు. కోడ్ ఒక్కటి చూసి క్యానిస్టర్ మార్చమనడం జ్వరం చూసి ఆపరేషన్ రాయడం లాంటిది.

మీ కారు ఈ లీకును ఎలా పట్టుకుంటుందో తెలిస్తే సగం పని అయినట్టే. ఆ కాలపు చాలా టయోటాల్లో క్యానిస్టర్ దగ్గర ఒక చిన్న పంపు ఉంటుంది. కారు ఆపిన 5 గంటలకు అది దానంతట అదే ఆన్ అవుతుంది. కూలెంట్ ఇంకా 35 డిగ్రీల పైన ఉంటే 7 గంటలకు, అప్పటికీ చల్లారకపోతే 9.5 గంటలకు మళ్లీ ప్రయత్నిస్తుంది. అర్ధరాత్రి పార్కింగ్‌లో కారు వెనక నుంచి సన్నగా గుయ్యిమని శబ్దం వస్తోందని భయపడుతూ నాకు రాసినవాళ్లున్నారు. దెయ్యం కాదు, ఇదే. ఆ పంపు మొదట తన లోపలే ఉన్న 0.02 అంగుళాల కొలత రంధ్రం గుండా గాలి లాగి ఎంత వాక్యూమ్ వస్తుందో గుర్తుపెట్టుకుంటుంది. తర్వాత ట్యాంకు వైపు నుంచి లాగుతుంది. ట్యాంకు ఆ లెక్కకు చేరకపోతే లీకు ఉన్నట్టే.

అందుకే క్యాప్ బిగించగానే లైటు ఆరదు. పరీక్ష వరుసగా మూడుసార్లు పాసైతేనే ఆరుతుంది. రోజూ కారును నాలుగు గంటలకు మించి వదలకపోతే అసలు పరీక్షే జరగదు. ట్యాంకు నిండుగా ఉన్నా జరగదు. సగం ట్యాంకు పెట్టి రాత్రంతా కదపకుండా వదలండి.

ఈలోగా క్యాప్ తీసి లోపలి రబ్బరు రింగు చూడండి. సన్నటి పగుళ్లు వేలికి తగలకపోవచ్చు, ఫోన్ టార్చ్ వేసి రింగును కొంచెం వంచితే కనిపిస్తాయి. క్యాప్ కూర్చునే గొట్టం అంచుకు తుప్పు పట్టినా లీకే. అనుమానంగా ఉంటే కంపెనీ క్యాపే కొనండి. లోకల్ క్యాప్‌తో మళ్లీ ఇదే కోడ్ రావడం మామూలే. తర్వాత పర్జ్ వాల్వ్. ఇంజిన్ ఆపి చల్లారాక క్యానిస్టర్ వైపు పైపు ఊడదీసి, ఆ వైపు నుంచి చేతి పంపుతో గాలి కొట్టండి. నోటితో వద్దు, అందులో పెట్రోలు ఆవిరి ఉంటుంది. కరెంటు లేనప్పుడు ఆ వాల్వ్ మూసుకునే ఉండాలి. గాలి దూరిపోతుంటే దొంగ దొరికాడు. పెట్రోలు కొట్టించిన వెంటనే కారు స్టార్ట్ కావడానికి మొరాయిస్తుంటే అనుమానం ఇంకా బలపడుతుంది.

ఇవి రెండూ బాగుంటే స్మోక్ టెస్ట్ చేయించండి. పైపుల్లోకి చాలా తక్కువ ప్రెషర్‌తో, అర పీఎస్‌ఐ దగ్గర్లో పొగ పంపి అది ఎక్కడ బయటికొస్తుందో చూస్తారు. క్యానిస్టర్‌కు బయటి గాలి అందించే వెంట్ వాల్వ్‌ను స్కానర్‌తో మూయించాలి, లేకపోతే పొగంతా అక్కడి నుంచే పోయి మనల్ని పక్కదారి పట్టిస్తుంది. యూట్యూబ్ చూసి పెయింట్ డబ్బా, వేడి తీగతో ఇంట్లోనే స్మోక్ మెషిన్ చేసుకోవద్దు. ఎర్రగా కాలే తీగనూ పెట్రోలు ఆవిరినీ ఒకే పైపుతో కలుపుతున్నారన్న సంగతి ఆ వీడియోల్లో ఎవరూ చెప్పరు. టైర్లకు గాలి కొట్టే కంప్రెసర్ కూడా పెట్టొద్దు, ఆ ప్రెషర్‌కు బాగున్న సీళ్లు కూడా పోతాయి.

మెకానిక్‌ను ఒకటే అడగండి: “పొగ ఎక్కడ వచ్చిందో ఫొటో చూపిస్తారా?” క్యానిస్టర్ దగ్గరే వచ్చిందంటే ఆయన మాట నిజమే, మార్పించండి. రిపేరయ్యాక కోడ్ చెరిపి, ఆఫీసుకు మామూలుగా తిరుగుతూ మిగతా మానిటర్లు పూర్తికానివ్వండి. ఈవాప్, అంటే ఈ ఆవిరి లీకు చూసే మానిటర్ ఒక్కటే మిగిలినా టెస్టుకు వెళ్లొచ్చు.

ప్రశ్న: మాది విజయవాడ. 2012 స్విఫ్ట్ పెట్రోల్. కారు దగ్గర పెట్రోలు వాసన వస్తోంది. ఆన్‌లైన్‌లో కొన్న డాంగిల్ నా ఐఫోన్‌కు కనెక్టే కావడం లేదు. తమ్ముడి ఆండ్రాయిడ్‌లో కనెక్ట్ అయింది గానీ కోడ్ ఏమీ లేదంటోంది. డాంగిల్ డూప్లికేటా?

జవాబు: చౌక డాంగిళ్లలో ఎక్కువ భాగం పాతరకం బ్లూటూత్‌వి, ఐఫోన్‌తో కలవవు. బ్లూటూత్ ఎల్‌ఈ లేదా వైఫై అని రాసి ఉన్నది తీసుకోవాలి. కోడ్ లేకపోవడానికి కారణం వేరే. అర మిల్లీమీటరు లీకు పట్టుకోవాలన్న నిబంధన అమెరికాది. మన దగ్గరి కార్లు యూరప్ పద్ధతి ప్రకారం తయారైనవి, అందులో పర్జ్ వాల్వ్ వైరింగు బాగుందో లేదో చూసుకుంటే చాలు. పొల్యూషన్ సర్టిఫికెట్ వాళ్లు చూసేది సైలెన్సర్ పొగనే. కాబట్టి యాప్ ఏమీ లేదన్నంత మాత్రాన లీకు లేనట్టు కాదు. వాసన వస్తోందంటే యాప్ పక్కన పెట్టి ఈరోజే గ్యారేజీలో లిఫ్ట్ ఎక్కించి, ట్యాంకు నుంచి ఇంజిన్ దాకా పైపులన్నీ చూపించండి. ఆవిరి కాక పెట్రోలే కారుతుంటే నిప్పు ప్రమాదం.

ఇంకో మాట. బంకులో గన్ టక్కున ఆగాక “రౌండ్ ఫిగర్ చేయమంటారా సార్?” అంటే వద్దనండి. ఆ పైన పోసిన పెట్రోలు ద్రవంగానే క్యానిస్టర్‌లోకి వెళ్లి బొగ్గును తడిపేస్తుంది. ఒకసారి తడిస్తే అది మళ్లీ సరిగా పనిచేయడం కష్టం.