మీ ప్రశ్నలు, మా జవాబులు: ఎరిక్ బాల్ ఎవరండీ?

ప్రశ్న: నమస్తే అండీ. పోయిన నెల కార్నెట్ (ట్రంపెట్ లాంటి చిన్న ఇత్తడి వాద్యం) గురించి రాస్తూ మధ్యలో ఎరిక్ బాల్ అని ఒక పేరు చెప్పి వదిలేశారు. ఎవరండీ ఈయన? బ్రాస్ బ్యాండ్‌కే ప్రత్యేకంగా మ్యూజిక్ రాసేవాళ్లు కూడా ఉంటారా?

జవాబు: ఉంటారండీ, బ్రిటన్‌లో అయితే చాలామందే ఉన్నారు, వాళ్లందరిలో నాకు బాగా దగ్గరైన మనిషి ఎరిక్ బాల్. 1903లో ఇంగ్లండ్‌లోని కింగ్స్‌వుడ్‌లో పుట్టారు, వాళ్లది సాల్వేషన్ ఆర్మీ కుటుంబం. పేరులో ఆర్మీ ఉంది గానీ అది సైన్యం కాదు, వీధుల్లో బ్యాండు వాయిస్తూ దేవుడి పాటలు పాడుతూ తిరిగే క్రైస్తవ సంస్థ. చిన్నప్పటి నుంచీ ఆయన చెవిన పడింది ఆ ఇత్తడి శబ్దమే, పెద్దయ్యాక ఆ సంస్థ మ్యూజిక్ విభాగంలోనే పనిచేశారు, వాళ్ల ఇంటర్నేషనల్ స్టాఫ్ బ్యాండ్‌కి బ్యాండ్‌మాస్టర్ కూడా అయ్యారు.

ఆ రోజుల్లో అక్కడి బ్రాస్ బ్యాండ్ అంటే బొగ్గు గనుల్లో, మిల్లుల్లో, ఫ్యాక్టరీల్లో పగలంతా పనిచేసి సాయంత్రం రిహార్సల్‌కి వచ్చే మనుషులు. చాలాకాలం పోటీల్లో వీళ్లు ఒపెరాల్లోంచి, అంటే పాటలతోనే నడిచే పాశ్చాత్య నాటకాల్లోంచి, తీసి కూర్చిన ముక్కలే వాయించేవాళ్లు, 1913లో పర్సీ ఫ్లెచర్ అనే కంపోజర్ బ్రాస్ బ్యాండ్ల నేషనల్ పోటీ కోసం 'లేబర్ అండ్ లవ్' రాశాక గానీ బ్యాండు కోసమే పుట్టిన సంగీతానికి గిరాకీ రాలేదు. తర్వాత 1928లో హోల్స్ట్ రాశారు, 1930లో ఎల్గార్ రాశారు, ఇద్దరూ గొప్ప ఇంగ్లిష్ కంపోజర్లే, కానీ వాళ్లు ఇలా వచ్చి అలా వెళ్లిన చుట్టాలండీ. బాల్ ఆ ఇంట్లోనే పుట్టి పెరిగిన మనిషి, ఏ కుర్చీలో కూర్చున్నవాడికి ఎక్కడ ఊపిరి అందదో ఆయనకి తెలుసు, ఆ తేడా వింటే తెలిసిపోతుంది.

ప్రశ్న: ఆయన సాల్వేషన్ ఆర్మీ నుంచి బయటికొచ్చేశారని చదివాను. అంత పెరిగిన చోటు ఎందుకు వదిలేశారు?

జవాబు: 1944లో రాజీనామా చేశారండీ. చనిపోయినవాళ్ల ఆత్మలతో మాట్లాడొచ్చని నమ్మే స్పిరిచువలిజం వైపు ఆయన మనసు మళ్లింది, సంస్థ నమ్మకాలకీ దానికీ పొసగలేదు. ఇది ఉద్యోగం మారినంత తేలిక కాదు, ఎందుకంటే ఆ రోజుల్లో ఆర్మీ అచ్చేసిన మ్యూజిక్ ఆర్మీ బ్యాండ్లే వాయించాలి, బయటి బ్యాండ్లకి ఇవ్వరు. అంటే నలభై ఏళ్ల వయసులో, అప్పటిదాకా రాసినదంతా గోడకి అవతల వదిలేసి ఇవతల మళ్లీ మొదలుపెట్టాలి. తలుచుకుంటే నాకు ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది. కానీ రెండేళ్లు తిరక్కుండానే, 1946లో, బ్రిగ్‌హౌస్ అండ్ రాస్ట్రిక్ బ్యాండ్‌ని కండక్ట్ చేసి నేషనల్ చాంపియన్‌షిప్ గెలిపించారు. అది ఏ ఫ్యాక్టరీ డబ్బుతోనో నడిచే బ్యాండు కాదు, జనం చందాలతో నడిచేది.

ప్రశ్న: బాల్ రాసిన 'రిసర్గమ్' గురించి అందరూ అంత గొప్పగా చెప్తారు, నాకు మాత్రం విన్నప్పుడు అంతా ఒకేలా అనిపించింది. ఎలా వినాలి?

జవాబు: మొదటిసారి నాకూ అలాగే అనిపించిందండీ, ఇందులో మీ తప్పేం లేదు. బ్యాండులో క్లారినెట్ ఉండదు, సాక్సోఫోన్ ఉండదు, ఉన్న 25 మందీ ఊదేది ఇత్తడి వాద్యాలే, కార్నెట్లే పది, మిగతావి ఫ్లూగెల్‌హార్న్, టెనార్ హార్న్‌లు, బారిటోన్‌లు, యూఫోనియంలు, ట్రోంబోన్‌లు, బేస్‌లు, ఇవి కాక డ్రమ్ములూ అవీ వేరే. చెవికి అలవాటయ్యేదాకా రంగులు కలిసిపోయినట్టే ఉంటుంది.

'రిసర్గమ్' అంటే లాటిన్‌లో 'నేను మళ్లీ లేస్తాను' అని అర్థం. 1950లో మాంచెస్టర్ బెల్ వ్యూలో జరిగిన పోటీకి టెస్ట్ పీస్ ఇది. టెస్ట్ పీస్ అంటే అన్ని బ్యాండ్లూ అదే వాయించాలి, ఏ బ్యాండు ఎప్పుడో లాటరీ తీస్తారు, జడ్జీలని మూసేసిన గూడులాంటి దాంట్లో కూర్చోబెడతారు, వాయించేదెవరో వాళ్లకి కనపడదు. ఒక్కసారి ఊహించుకోండి, పొద్దుట్నుంచీ ఒకే పాట, ఒక బ్యాండు తర్వాత ఇంకో బ్యాండు, అదీ చావు గురించీ దుఃఖం గురించీ ఆశ గురించీ రాసినది! పోటీ కోసం రాసేవాళ్లు చాలామంది వేళ్లకి పరీక్ష పెడతారు, ఈయన మనసుకి పెట్టారు. నెమ్మదిగా నడిచే చోట శ్రుతి వణక్కుండా నిలబెట్టి వాయించడం ఎంత కష్టమో ఊదినవాళ్లకే తెలుస్తుంది.

వినేటప్పుడు ఇలా చేయండి. మొదటిసారి సోలో కార్నెట్ వెంటే వెళ్లండి, మిగతావి పట్టించుకోకండి. రెండోసారి కార్నెట్‌ని వదిలేసి యూఫోనియం పట్టుకోండి, మగగొంతుతో పాడినట్టు ఉంటుంది, ఇట్టే దొరుకుతుంది. మూడోసారి అడుగున బేస్‌లు ఎప్పుడు కదులుతున్నాయో ఎప్పుడు ఆగిపోతున్నాయో చూడండి. హెడ్‌ఫోన్స్ తప్పనిసరి, ఫోన్ స్పీకర్‌లో బేస్‌లు వినపడవు.

ప్రశ్న: కంపోజింగ్ మీదే బతికారా?

జవాబు: లేదండీ. బ్యాండ్లని కండక్ట్ చేశారు, పోటీలకి జడ్జిగా వెళ్లారు, 'బ్రిటిష్ బ్యాండ్స్‌మన్' పత్రికకి ఎడిటర్‌గా చేశారు, వీటి మధ్యలోనే రాస్తూపోయారు. 1967 నేషనల్ ఫైనల్స్‌కి 'జర్నీ ఇంటు ఫ్రీడమ్' ఇచ్చారు, అప్పటికి ఆయనకి అరవై దాటాయి. 1989లో పోయారు.

ప్రశ్న: నేను టెనార్ హార్న్ నేర్చుకుంటున్నాను. మా వాద్యానికి ఎవరూ ఏమీ రాయరని మా వాళ్లు ఏడిపిస్తున్నారు.

జవాబు: వాళ్లకి 'సెప్టెంబర్ ఫాంటసీ' వినిపించండి. టెనార్ హార్న్ సోలోకే రాశారు, రాసింది ఈయనే.