పింగ్ పలక్కపోతే సర్వర్ పడిపోయినట్టేనా?

ప్రశ్న: నమస్తే అండీ. మారతహళ్ళిలో పీజీలో ఉంటూ సపోర్ట్ జాబ్ చేస్తున్నాను. నైట్ షిఫ్టులో క్లయింట్ సర్వర్ బతికుందా అని పింగ్ కొడితే అన్నీ 'రిక్వెస్ట్ టైమ్డ్ అవుట్'. డౌన్ అని టికెట్ వేస్తే, పింగ్ మేమే బ్లాక్ చేశాం, సర్వర్ బాగానే ఉందని తిప్పి పంపారు. ఇక ఏది నమ్మాలి? రోజూ ఇదే టెన్షన్.
– ఒక పాఠకుడు, బెంగళూరు

జవాబు: 1983లో మైక్ మూస్ అనే అమెరికన్ ప్రోగ్రామర్ పింగ్ రాసేనాటికి, వచ్చీపోయే ట్రాఫిక్‌ని వడకట్టే ఫైర్‌వాల్‌ల గొడవ లేదు, అడిగితే మెషీన్ జవాబిచ్చేది. ఇప్పుడలా కాదు. పింగ్ వెళ్ళేది ఐసీఎంపీ అనే ప్రోటోకాల్‌లో, దానికి పోర్టులే (ఒక్కో సర్వీసుకీ ఉండే నంబరు తలుపులు) ఉండవు; మీ అప్లికేషన్ నడిచేది చాలావరకు టీసీపీ అనే మరో ప్రోటోకాల్‌లో, ఏదో ఒక పోర్టు మీద. ఫైర్‌వాల్ మొదటిదాన్ని ఆపేసి రెండోదాన్ని నిక్షేపంగా వదలొచ్చు. అమెజాన్ క్లౌడ్‌లో కొత్త సెక్యూరిటీ గ్రూప్ (అక్కడి ఫైర్‌వాల్) పెడితే, మనం తెరిచేదాకా బయటి నుంచి ఏదీ లోపలికి రాదు, అక్కడ వెబ్‌సైట్ల (https) పోర్టు 443 ఒక్కటే తెరిస్తే సైటు వస్తుంది, పింగ్ రాదు.

కాబట్టి మీకు పని ఉన్న పోర్టునే అడగండి. విండోస్‌లో పవర్‌షెల్ తెరిచి టెస్ట్-నెట్‌కనెక్షన్ కమాండ్‌కి సర్వర్ పేరు, పోర్టు నంబరు ఇవ్వండి. లైనక్స్‌లో నెట్‌క్యాట్ ఉంది, ఏదీ లేకపోతే టెల్నెట్.

అసలు చూడాల్సింది ఫెయిలైనప్పుడు ఏమని ఫెయిలైందో. 'కనెక్షన్ రిఫ్యూజ్డ్' అని వెంటనే వచ్చిందంటే అవతల ఎవరో జవాబిచ్చారన్నమాట: దాదాపు ఎప్పుడూ మెషీన్ బతికే ఉంటుంది, ఆ పోర్టు మీద సర్వీసే లేచి ఉండదు (కొన్ని ఫైర్‌వాల్‌లు కూడా ఇలా తిప్పికొడతాయి, అది గుర్తుంచుకోండి). చాలాసేపు ఆగి టైమవుట్ అయితే మాత్రం ప్యాకెట్‌ని దారిలో ఎవరో మింగేశారో, మెషీనే ఆగిపోయిందో ఆ ఒక్క ముక్కతో తేలదు. అప్పుడు వేరే నెట్‌వర్క్ నుంచి అదే పోర్టు చూడాలి. కానీ చాలామంది క్లయింట్లు మీ ఆఫీసు ఐపీని మాత్రమే రానిస్తారు, అలాంటి చోట ఫోన్ హాట్‌స్పాట్ నుంచి రాకపోవడానికి అర్థమేమీ లేదు. అసలు పేరే ఐపీగా మారకపోతే అది డీఎన్ఎస్ సంగతి, సర్వర్ జోలికి ఇంకా వెళ్ళనే లేదు.

పోర్టు తెరుచుకుందని టికెట్ మూసేయకండి. సర్వర్ ముందు లోడ్ బ్యాలెన్సర్ (రద్దీని సర్వర్లకు పంచేది) ఉంటే కనెక్షన్ తీసుకునేది అదే, వెనకాల అప్లికేషన్ చచ్చిపోయి ఉన్నా సరే. వెబ్ సర్వీసైతే కర్ల్ కమాండ్‌తో పేజీ అడిగి చూడండి. 502 ఎర్రర్ కోడ్ వస్తే తేడా వెనక ఉందని అనుకోవచ్చు. 401 వచ్చినా కంగారు పడొద్దు, లాగిన్ అడిగేంత ఓపికతో అవతల ఏదో నడుస్తోంది.

ఎన్‌మ్యాప్‌తో అన్ని పోర్టులూ స్కాన్ చేయమని పక్క సీటువాళ్ళు చెప్పొచ్చు, క్లయింట్ రాతపూర్వకంగా ఒప్పుకోకుండా చేయకండి, ఉద్యోగానికే ఎసరు.

ఈసారి టికెట్లో 'సర్వర్ డౌన్' అని రాయకండి. ఏ ఐపీ నుంచి, ఏ పోర్టుకి, ఎన్ని గంటలకు, రిఫ్యూజ్డా టైమవుటా అని రాస్తే ఆ టికెట్‌ని తిప్పి పంపడం వాళ్ళకు అంత తేలిక కాదు.