బరువు ఆపరేషన్‌కి సైకాలజిస్ట్ ఎందుకు?

ప్రశ్న: మేడమ్, నాకు 38 ఏళ్ళు, 116 కేజీలున్నా, షుగర్ ఉంది, గురకలో ఊపిరాగినట్టయి ఉలిక్కిపడి లేస్తుంటా. బరువు తగ్గే ఆపరేషన్ కోసం విజయవాడ వెళ్తే రక్తపరీక్షలు, ఎండోస్కోపీ, గుండె స్కాన్ అన్నీ రాసి చివర్లో సైకాలజిస్ట్‌ని కలవమన్నారు. "కొవ్వు పొట్టలో ఉంటే తలకాయ చూపించుకోమంటాడేంటి" అని మా అత్తయ్య ఒకటే గోల. నా భయం వేరండి. రాత్రి 12 దాటాక అందరూ పడుకున్నాక, వంటగదిలో లైటు కూడా వెయ్యకుండా మిగిలిన అన్నంలో ఆవకాయ కలుపుకుని గిన్నె ఖాళీ అయ్యేదాకా తింటా, మా ఆయనకి కూడా తెలీదు. రెండేళ్ళ నుంచి డిప్రెషన్ మందులు వాడుతున్నా. ఇవన్నీ చెప్తే ఆపరేషన్ చెయ్యరు, అంతా బాగానే ఉందని రాసెయ్యి అంటోంది మా ఆడపడుచు. ఏం చెయ్యను?
– పేరు వద్దు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: చెప్పెయ్యండమ్మా, ముఖ్యంగా ఆ 12 గంటల అన్నం సంగతి. బరువు తగ్గడానికి చేసే స్లీవ్ ఆపరేషన్‌లో పొట్టలో ముప్పాతిక భాగం పైగా తీసేస్తారు, నిజమే, కానీ అర్ధరాత్రి లేచి వంటగదిలోకి నడిచే కాళ్ళని ఎవరూ కొయ్యరుగా. ఆపరేషనయ్యాక మొదటి వారాలు గుక్క గుక్కగా ద్రవాలే, తర్వాత మెత్తటివి, అదీ కొంచెం కొంచెం, విటమిన్ మాత్రలు జీవితాంతం. అన్నం గిన్నెడు పట్టదు, వాంతి అవుతుంది. అప్పుడు ఆ అలవాటు ఎటు పోతుందంటే ఐస్‌క్రీమ్ మీదకో, జ్యూసుల మీదకో పోతుంది, అవి చిన్న పొట్టలోకి కూడా హాయిగా జారిపోతాయి, బరువు మళ్ళీ పైకి. లక్షలు పోసి చేయించుకున్నాక అదేం బాధ చెప్పండి.

రాత్రి తినడం సిగ్గుపడాల్సిన విషయం కాదు. నైట్ ఈటింగ్ సిండ్రోమ్ అని ఒక పేరే ఉంది, మీది అదో కాదో ఎదురుగా కూర్చుని మాట్లాడితేగానీ తేలదు. పగలంతా డైటింగ్ పేరుతో ఒక ఇడ్లీతో సరిపెట్టి రాత్రికి ఆగలేక గిన్నెలు ఖాళీ చేసేవాళ్ళని నేను చాలామందిని చూశా, మీరూ అంతేనేమో, మధ్యాహ్నం ఏం తింటున్నారో ఒక వారం రాసుకుని తీసుకెళ్ళండి.

ఇక ఆ గదిలో జరిగేది చాలావరకు మాటలే. 9 ప్రశ్నల కాగితం ఒకటి ఇవ్వొచ్చు, పీహెచ్‌క్యూ-9 అంటారు, డిప్రెషన్ ఎంతుందో చూసేది, గత 2 వారాల గురించి, ఒక్కోదానికి 0 నుంచి 3 మార్కులు, మొత్తం 27. అందులో నిద్ర, నీరసం, తిండి గురించి కూడా ప్రశ్నలుంటాయి, మీకు గురక వల్ల నిద్రే సరిగ్గా లేదు కాబట్టి మార్కులు ఎక్కువొచ్చినా అదంతా డిప్రెషనే అనుకోనక్కర్లేదు. కంగారుపడకండి, అది ఎంసెట్ కాదు. ఈ గురక సంగతి మాత్రం మీరే గుర్తుచెయ్యండి.

కాన్సిల్ చేస్తారా అంటే, చాలామందికి చెయ్యొచ్చనో, కొన్ని వారాలు కౌన్సెలింగ్ అయ్యాక చెయ్యొచ్చనో రాస్తారు. చనిపోవాలన్న ఆలోచనలు ఉన్నా, మందు తాగడం అదుపులో లేకపోయినా వాయిదా వేస్తారు, వెయ్యాలి కూడా. మందులు వాడుతున్నారన్న ఒక్క కారణానికి మాత్రం ఆపరు. ఆ భయంతో మీరే మాత్రలు మానేశారనుకోండి, కళ్ళు తిరగడం, నిద్ర పట్టకపోవడం, ఆపరేషన్ వారంలోనే డిప్రెషన్ తిరగబెట్టడం, అన్నీ ఒకేసారి. మత్తు డాక్టర్‌కి కూడా ఆ మాత్రల పేర్లు తెలియాలి. మీకు చేసేది బైపాస్ రకం (గుండెది కాదు, పొట్టని చిన్నది చేసి పేగుకి కలిపేది) ఆపరేషన్ అయితే కొన్ని మాత్రలు, ముఖ్యంగా మెల్లగా కరిగేవి, ముందులా ఒంటికి పట్టకపోవచ్చు, అందుకని సైకియాట్రిస్ట్ చీటీ సర్జన్‌కి, సర్జన్ చీటీ సైకియాట్రిస్ట్‌కి చూపించండి.

మీ ఆయనకి కూడా ముందే చెప్పండి, రేపు ఇంటికొచ్చాక రాత్రిపూట పక్కనుండేది ఆయనే. అత్తయ్యగారికి మాత్రం అన్ని పరీక్షల్లో ఇదీ ఒకటని చెప్తే సరిపోతుంది.

ప్రశ్న: మా తమ్ముడికి కిడ్నీ ఇస్తున్నా. సైకాలజిస్ట్ మా అమ్మనీ మా ఆవిడనీ బయట కూర్చోబెట్టి నన్నొక్కడినే పిలుస్తారట. నామీద అనుమానమా?
– ఓ మెకానిక్, ఆటోనగర్, విజయవాడ

జవాబు: అనుమానం కాదండీ. అమ్మ పక్కనుండగా "ఇష్టమేనా" అని అడిగితే ఎవడు కాదంటాడు? అవయవ మార్పిడి చట్టం ప్రకారం తమ్ముడికి అన్న ఇవ్వొచ్చు, కానీ ఒత్తిడి లేకుండా, డబ్బు మాట లేకుండా ఇవ్వాలి, అది తేల్చుకోవడానికే ఒంటరిగా మాట్లాడేది. థియేటర్‌లోకి వెళ్ళేదాకా మీరు వద్దనొచ్చు, కారణం ఇంట్లో చెప్పొద్దని కూడా అడగొచ్చు. ఇంకోటి, ఆపరేషనయ్యాక నాలుగు నుంచి ఆరు వారాల దాకా బరువులెత్తొద్దంటారు, మీరు ఇంజన్లు దించే మనిషి కదా, ఆ రోజుల్లో షెడ్డు ఎవరు చూస్తారో ముందే మాట్లాడుకుని వెళ్ళండి, లోపల ఆ ప్రశ్న కూడా వస్తుంది.