సగటు ధర లెక్క తేలట్లేదని ఉద్యోగం మానిపించాలా?

ప్రశ్న: మాది కోవూరు. మా అమ్మాయి బీకాం కంప్యూటర్స్ పూర్తి చేసి రొయ్యల మేత ఫ్యాక్టరీలో అకౌంట్స్ ట్రైనీగా చేరింది. ఒక్కో వర్క్ ఆర్డర్‌కు (ఒక బ్యాచ్ మేత తయారీకి ఇచ్చే ఆర్డర్) ఎంత ఖర్చయిందో సగటు ధర పద్ధతిలో లెక్కకట్టే పని ఇచ్చారు. ఒకే రకం మేతకు బ్యాచ్‌కో రేటు వస్తోంది, మేనేజర్ ఎందుకని అడిగితే చెప్పలేకపోతున్నానని రోజూ టెన్షన్ పడుతోంది. మానిపించి నెల్లూరులో బ్యాంకు కోచింగ్‌లో చేర్చమంటారా?

జవాబు: ఇప్పుడే మానిపించకండి. మేనేజర్ అడిగిన ఆ "ఎందుకు"కి జవాబు చెప్పడమే కాస్టింగ్, అంటే తయారీ ఖర్చు లెక్కకట్టే ఉద్యోగం. బిల్లులు ఎక్కించేవాళ్లు చాలామంది దొరుకుతారు, ఆ జవాబు చెప్పగలిగేవాళ్లే దొరకరు. బ్యాంకు పరీక్షల మీద ఆమెకే మనసుంటే అది వేరే సంగతి. లెక్క తేలట్లేదన్న భయంతో మాత్రం వద్దు.

బ్యాచ్‌కో రేటు రావడం దానంతట అది తప్పేమీ కాదని ముందు అమ్మాయికి చెప్పండి. గోడౌన్‌లో 10 టన్నుల సోయా పిండి కిలో 50 రూపాయల లెక్కన ఉందనుకుందాం (అంకెలన్నీ లెక్క కోసం వేసినవే). 56 చొప్పున మరో 20 టన్నులు వచ్చింది. 5 లక్షలు, 11 లక్షల 20 వేలు కలిపి 30 వేల కిలోలతో భాగిస్తే 54. లారీ రాకముందు సరుకు తీసుకున్న ఆర్డర్‌కు 50, వచ్చాక తీసుకున్నదానికి 54 పడుతుంది. ఏ బస్తా ఏ లారీలో వచ్చిందో ఎవరూ చూడరు, ఒకదాని బదులు ఇంకొకటి వాడొచ్చు, అందుకే సగటు. చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ దిమ్మెలు అలా కాదు. ఒక దిమ్మె బదులు ఇంకో దిమ్మె సరిపోదు కాబట్టి నంబరు వేసి దేని ఖర్చు దానికే రాసుకోవాలి. సరుకు నిల్వల విలువ ఎలా కట్టాలో చెప్పే మన అకౌంటింగ్ స్టాండర్డ్ 2 కూడా ఈ తేడానే చూస్తుంది.

ఆ సోయాతో పాటు మిగతా ముడిసరుకులన్నీ కలిపి ఒక ఆర్డర్‌కు 6 లక్షల 20 వేలు, కూలి 18 వేలు, కరెంటు, ఆవిరి, యంత్రాల అరుగుదల వగైరా 42 వేలు అయ్యాయనుకోండి. మొత్తం 6 లక్షల 80 వేలు. 10 వేల కిలోల మేత దిగితే కిలో 68. తేమ ఆరడం, పొడి రాలడం లాంటి మామూలు తరుగుతో 9,700 కిలోలే దిగితే కిలో 70 దాటుతుంది, ఎందుకంటే ఆ తరుగు ఖర్చును మంచి సరుకే మోయాలి. బాయిలర్ చెడి బ్యాచ్ పాడైతే మాత్రం ఆ నష్టాన్ని విడిగా చూపాలి. సాగు తగ్గి ఫ్యాక్టరీ సగమే నడిచే నెలల్లో స్థిర ఖర్చులన్నీ (ఉత్పత్తి తగ్గినా తగ్గనివి) దిగిన కాస్త సరుకు మీద రుద్దడమూ కుదరదు. మామూలుగా ఎంత ఉత్పత్తి అవుతుందో ఆ లెక్కనే వేయాలి.

అసలు తిప్పలు వేరే చోట ఉంటాయి. కాలేజీ లెక్కల్లో తేదీలన్నీ వరసగా ఉంటాయి. ఫ్యాక్టరీలో సరుకు ముందొస్తుంది, ఎంట్రీ తర్వాత పడుతుంది. కంప్యూటర్‌లో నిల్వ సున్నా ఉండగా 5,000 కిలోలు పాత రేటు 50కి ఇచ్చేశారనుకోండి. తర్వాత 56 రేటుతో 5,500 కిలోలు ఎక్కించారు. 3 లక్షల 8 వేలలోంచి 2 లక్షల 50 వేలు పోతే 58 వేలు, మిగిలింది 500 కిలోలు. అంటే కిలో 116! 56కి కొన్న సోయాకు ఆ రేటు ఎలా వచ్చిందో అర్థం కాక పిల్లలు ఏడుస్తారు. కాబట్టి రేటు వింతగా కనిపిస్తే ముందు ఇలా ఎంట్రీ పడకముందే సరుకు ఇచ్చేయడంతో వచ్చే మైనస్ నిల్వ చూడమనండి, ఆ తర్వాత ఆలస్యంగా వచ్చిన లారీ కిరాయి బిల్లులు. పూర్తికాని ఆర్డర్‌లోంచి సగం మేతను అంచనా ధరకు గోడౌన్‌కు పంపి ఉంటే, ఆర్డర్ మూసేటప్పుడు తేలే తేడా ఎక్కడికి పోయిందో కూడా చూడాలి. ఆ మేత అప్పటికే అమ్ముడైపోతే, దాని వాటా తేడా నిల్వ మీదకు కాదు, అమ్మిన సరుకు ఖర్చులోకి వెళ్లాలి.

సాఫ్ట్‌వేర్ కోర్సు కోసం ఇప్పుడే వేలు పోయకండి. ట్యాలీ సగటు ధరను తనే కడుతుంది, శాప్ కూడా అంతే. తప్పు ఎంట్రీ ఇస్తే రెండూ తప్పే చూపిస్తాయి. దానికి బదులు వారానికొక పూట స్టోర్స్‌లో, కాటా దగ్గర, మిక్సర్ దగ్గర నిలబడేందుకు మేనేజర్‌ను అనుమతి అడగమనండి.

చదువు సంగతికొస్తే, డిగ్రీ ఉంది కాబట్టి ఫౌండేషన్ అనే మొదటి మెట్టు లేకుండా నేరుగా సీఎంఏ (కాస్ట్ అకౌంటెంట్ కోర్సు) ఇంటర్మీడియట్‌లో చేరొచ్చు. పరీక్షలు జూన్‌లో, డిసెంబరులో ఉంటాయి. ఉద్యోగం చేస్తూ రెండు గ్రూపులూ ఒకేసారి రాయమని ఒత్తిడి పెట్టకండి, ఒక్కో గ్రూపు చాలు. 2013 కంపెనీల చట్టం 148వ సెక్షన్ కింద కొన్ని పరిశ్రమలు కాస్ట్ రికార్డులు (తయారీ ఖర్చుల లెక్కలు) ఉంచాలి, నిర్ణీత టర్నోవర్ దాటితే ఆడిట్ చేయించాలి. ఆ ఆడిట్ చేసే హక్కు ప్రాక్టీసులో ఉన్న కాస్ట్ అకౌంటెంట్‌దే.

ఆరు నెలలైనా ఆమెను కంప్యూటర్ ముందు నుంచి కదలనివ్వకపోతే, అప్పుడు ముత్తుకూరు వైపు నూనె రిఫైనరీలలోనో, శ్రీసిటీలోనో కాస్టింగ్ పనికి ప్రయత్నించమనండి.