టైప్స్ బ్లాకు పెట్టాక పేజీ డౌన్‌లోడ్ అయిపోతుంటే

ఎన్‌జిన్‌ఎక్స్ అనే వెబ్ సర్వర్‌లో .ఎంజేఎస్ (జావాస్క్రిప్ట్ మాడ్యూల్) ఫైళ్ల కోసం సర్వర్ బ్లాకులో ఒక టైప్స్ బ్లాకు (ఏ ఎక్స్‌టెన్షన్ ఫైలు ఏ రకమో చెప్పే పట్టిక) రాశానని, అప్పటినుంచి సైటు తెరిస్తే పేజీ రాకుండా ఫైలు డౌన్‌లోడ్ అవుతోందని అడిగారు. మీరు రాసిన లైను సరైనదే. పెట్టిన చోటే ఇబ్బంది.

నాకూ అచ్చం ఇలాగే జరిగింది. విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో బోట్లకు ఐసు వేసే ఒకాయనకి బుకింగ్ పేజీ చేసిచ్చాను. మన తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు వేట నిషేధం. అది ముగుస్తూనే బోట్లన్నీ ఒక్కసారిగా ఐసు నింపుకుంటాయి. సరిగ్గా ఆ ముందురోజు సాయంత్రం ఆయన ఫోను: "బాబూ, ఏటిది? నొక్కితే పేజీ రావట్లేదు, ఏదో ఫైలు దిగిపోతంది." ఆ గొంతులో కంగారు నాకింకా గుర్తుంది.

కర్ల్ అనే కమాండుతో సర్వర్ పంపే హెడర్లు చూస్తే, ఫైలు రకం చెప్పే కంటెంట్-టైప్ హోమ్ పేజీకే 'అప్లికేషన్/ఆక్టెట్-స్ట్రీమ్' అని ఉంది, అంటే రకం తెలియని ఫైలు; అందుకే బ్రౌజరు దాన్ని చూపకుండా దించేస్తోంది. ఎందుకంటే, సర్వర్ లేదా లొకేషన్ లోపల టైప్స్ బ్లాకు పెడితే అది పైన హెచ్‌టీటీపీ బ్లాకులో ఉన్న మైమ్.టైప్స్ అనే అసలు పట్టికకు కలవదు, దాన్ని పూర్తిగా తీసేసి తానే కూర్చుంటుంది. అక్కడితో హెచ్‌టీఎంఎల్, సీఎస్‌ఎస్ అంటే ఏమిటో సర్వర్‌కి తెలియదు. అన్నిటికీ డీఫాల్ట్_టైప్ (రకం తెలియనివాటికి ఇచ్చే టైపు) అంటగడుతుంది.

దానికి బదులు హెచ్‌టీటీపీ బ్లాకులో, ఇన్‌క్లూడ్ మైమ్.టైప్స్ లైను కిందే మీ టైప్స్ బ్లాకు రాయండి. ఒకే స్థాయిలో ఉన్నవి ఒకదానికొకటి కలుస్తాయి. టైపుగా 'టెక్స్ట్/జావాస్క్రిప్ట్' వాడండి, 2022 నాటి ఆర్‌ఎఫ్‌సీ 9239 ప్రకారం ప్రామాణికం అదే. మైమ్.టైప్స్ ఫైలును మాత్రం నేరుగా దిద్దొద్దు, ప్యాకేజీ అప్‌గ్రేడ్ అయినప్పుడు తలనొప్పి. మార్చాక కాన్ఫిగ్‌ను ఎన్‌జిన్‌ఎక్స్ -టీ కమాండుతో సరిచూసి రీలోడ్ చేయండి.

నాకు ఎక్కువ సమయం తిన్నది మాత్రం దీని తర్వాతి సంగతి. సర్వర్‌లో అంతా సరిగ్గా ఉంది, నా ల్యాప్‌టాప్‌లో పేజీ చక్కగా వస్తోంది, కొందరి ఫోన్లలో మాత్రం స్టైలు లేకుండా ఉత్త అక్షరాలే. కాన్ఫిగ్ మార్చినంత మాత్రాన ఫైలు ఈట్యాగ్ (ఫైలు మారిందో లేదో బ్రౌజరుకు తెలిపే గుర్తు) మారదు, అది ఫైలు సైజు, సవరించిన సమయం బట్టి వస్తుంది. దాంతో సర్వర్ 304, అంటే 'ఫైలు మారలేదు' అంటుంది. ఆ జవాబులో కంటెంట్-టైప్ ఉండదు, కాబట్టి బ్రౌజరు తన కాషెలోని పాత తప్పు టైపునే వాడుకుంటుంది. ల్యాప్‌టాప్‌లో అయితే కంట్రోల్ షిఫ్ట్ ఆర్ కొడతాం, అందరి ఫోన్లలో అలా కొట్టించలేం కదా. సర్వర్‌లో ఆ సీఎస్‌ఎస్, ఎంజేఎస్ ఫైళ్ల మీద టచ్ కమాండ్ వేశాను. సమయం మారింది, ఈట్యాగ్ మారింది, ఫోన్లలోనూ పేజీ కుదుటపడింది.

జీజిప్_టైప్స్‌లో (కుదించి పంపాల్సిన టైపుల జాబితా) 'అప్లికేషన్/జావాస్క్రిప్ట్' ఒక్కటే ఉంటే 'టెక్స్ట్/జావాస్క్రిప్ట్' కూడా చేర్చండి, లేకపోతే ఎంజేఎస్ ఫైళ్లు కుదించకుండానే వెళ్తాయి.