హూటర్‌కి గుడ్డ చుట్టకండి

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

(భీమవరం కేంద్రంగా ఫైర్ అలారాలు బిగించి, సర్వీసు చేసే ఎలక్ట్రికల్ ఇంజినీరు ఈ శీర్షికలో జవాబులిస్తున్నారు.)

ప్రశ్న: మేడమ్ గారూ, పాలకొల్లు దగ్గర మాకు ఫంక్షన్ హాల్ ఉందండి. కింద భోజనాలు, వంటశాల. పైన ఏసీ హాలు, పెళ్లి మండపం. అగ్నిమాపక శాఖ ఎన్‌ఓసీ (నిరభ్యంతర పత్రం) కోసం ఫైర్ అలారం పెట్టించాం. మొన్న మాఘమాసంలో ఓ పెళ్లిలో తలంబ్రాలు అయ్యి, హోమం మొదలుపెట్టగానే హూటర్లన్నీ (అలారం సైరన్లు) ఒక్కసారిగా మోగాయి. ముసలివాళ్లు కంగారుపడి లేచిపోయారు. పెళ్లివారు మమ్మల్ని నానా మాటలూ అన్నారు. అప్పట్నుంచి మా ఎలక్ట్రీషియన్ మండపం మీది డిటెక్టర్లకి (పొగని పసిగట్టే పరికరాలకి) ప్లాస్టిక్ కవర్లు తొడిగి, హూటర్‌కి గుడ్డ చుట్టాడు. ముహూర్తాల రోజుల్లో ప్యానెలే (అలారాన్ని నడిపే కంట్రోల్ పెట్టె) ఆపేస్తున్నాం. ఇప్పుడు రెన్యువల్ తనిఖీ ఉంది. ఆ రోజుకి కవర్లు తీసేస్తే సరిపోతుందా? మండపం దగ్గర డిటెక్టర్లు లేకుండా రూలు ఒప్పుకోదా?
– ఫంక్షన్ హాల్ యజమాని, పాలకొల్లు మండలం

జవాబు: తనిఖీ నాడు కవర్లు తీసి, మర్నాడు మళ్లీ తొడిగే ఆలోచన మానుకోండి. దయచేసి ఈ ఒక్క మాట వినండి. అలారం ఉన్నది తనిఖీకి వచ్చే అధికారి కోసం కాదు, పైన కూర్చునే ఆరేడు వందల మంది కోసం. కింద వంటశాలలో నిప్పు రాజుకుంటే పైన తలుపులు మూసిన ఏసీ హాల్లో, సన్నాయి మేళం మధ్య ఎవరికీ తెలియదు. పొగ మెట్లదారిలోకి వచ్చాక తెలిసి లాభం లేదు, అప్పటికి దిగే దారి మూసుకుపోతుంది. అంటే మీరు ప్యానెల్ ఆపేస్తున్నది సరిగ్గా అది అవసరమయ్యే రోజుల్లోనే.

మీ ఇబ్బంది నిజమైనదే. ఈ సీజన్‌లో నేను చూసిన చాలా హాళ్లలో ఇదే గొడవ. తప్పు అలారానిది కాదు, బిగించినవారిది. కొలత పెట్టుకుని హాలంతా ఒకే రకం పొగ డిటెక్టర్లు వరసగా కొట్టేశారు. ఆ డిటెక్టర్ లోపల చిన్న చీకటి అర ఉంటుంది. అందులో ఒక పక్క నుంచి కాంతి పోతూ ఉంటుంది. పొగ దూరితే ఆ కాంతి చెదిరి సెన్సర్ మీద పడుతుంది, అలారం మోగుతుంది. ఆ పొగ నేతిదా, కాలుతున్న కర్టెన్‌దా అన్నది దానికి తెలియదు.

రూలు సంగతి. 1999 నాటి మన రాష్ట్ర ఫైర్ సర్వీస్ చట్టం కింద ఫంక్షన్ హాళ్లు, సినిమా హాళ్లు, స్కూళ్ల లాంటి జనం చేరే భవనాలు 500 చదరపు మీటర్ల స్థలం దాటినా, 6 మీటర్ల ఎత్తు దాటినా ఎన్‌ఓసీ ఉండాలి. ఎలాంటి భవనంలో ఏమేం ఉండాలో 2016 నేషనల్ బిల్డింగ్ కోడ్ నాలుగో భాగం చెబుతుంది. డిటెక్టర్లు ఎక్కడ, ఎంత దూరంలో, ఏ రకం అన్నది ఐఎస్ 2189 అనే భారతీయ ప్రమాణం చెబుతుంది. మండపం మీద డిటెక్టరే లేకపోతే ఒప్పుకోరు. కానీ అక్కడ పొగ డిటెక్టరే ఉండాలని లేదు. రోజూ పొగ వచ్చే చోట వేడికి స్పందించేది పెట్టుకోవచ్చు, లేదా పొగనీ వేడినీ కలిపి చూసి నిర్ణయించే మల్టీసెన్సర్ పెట్టుకోవచ్చు.

ఇక్కడ చాలామంది పప్పులో కాలేస్తారు. పొగ డిటెక్టర్ తీసి అదే బేస్‌లో వేడి డిటెక్టర్ తిప్పి పెట్టేస్తే పని అయిపోదు. చదునైన సీలింగ్ కింద ఒక పొగ డిటెక్టర్ 100 చదరపు మీటర్ల వరకు చూస్తుంది, వేడి డిటెక్టర్ 50కే. కాబట్టి మండపం మేర ఇంకా డిటెక్టర్లు కలపాలి. సీలింగ్ మరీ ఎత్తయితే వేడి అక్కడికి చేరేసరికి ఆలస్యమవుతుంది, అప్పుడు మల్టీసెన్సరే మేలు. మండపాన్ని విడిగా ఒక జోన్ (ప్యానెల్ వేరుగా చూసే భాగం) చేయించండి. హోమం జరిగే కాసేపు ఆ ఒక్క జోన్‌నే ప్యానెల్ మీద డిజేబుల్ చేసి, మీ మనిషినొకరిని చేతిలో ఫైర్ ఎక్స్‌టింగ్విషర్‌తో మండపం పక్కన నిలబెట్టండి. హోమం అవగానే జోన్ తిరిగి ఆన్ చేసి, ఆపిన టైమూ పెట్టిన టైమూ లాగ్ పుస్తకంలో రాయించండి. మిగతా హాలు, మెట్లు, వంటశాల, కరెంటు గది మాత్రం ఒక్క నిమిషం కూడా ఆగకూడదు.

వంటశాలలో వేడి డిటెక్టరే. అందులోనూ ఉష్ణోగ్రత ఒక్కసారిగా పెరిగితే మోగే రకం వద్దు, ఆవిరికి కూడా మోగుతుంది. ఇంత డిగ్రీ దాటితేనే మోగేది తీసుకోండి. సాధారణంగా 57 డిగ్రీల దగ్గర మోగేవి దొరుకుతాయి. మీ వంటశాల రేకుల షెడ్డయి, కింద గాడిపొయ్యి కూడా ఉంటే మే నెలలో రేకు కింద వేడి దానికి దగ్గరగా వచ్చేస్తుంది. ఇంకా పై డిగ్రీకి సెట్ చేసిన రకం అడగండి. గ్యాస్ సిలిండర్ల దగ్గర లీకు డిటెక్టర్ వేరే పెట్టాలి. వంటగ్యాస్ గాలి కంటే బరువు, కిందకి దిగి పాకుతుంది కాబట్టి అది నేలకి దగ్గరగా ఉండాలి.

ఫాల్స్ సీలింగ్ పైన ఖాళీ 800 మిల్లీమీటర్లు దాటితే ఆ పైన కూడా డిటెక్టర్లు కావాలి. డెకరేషన్ లైట్ల వైర్లన్నీ పోయేది అక్కడే. ఇంకోటి, పిలవనివాళ్లు వస్తారని పక్క గేటుకి తాళం వేసే అలవాటు చాలా హాళ్లలో ఉంది. మీకూ ఉంటే ఈ రోజే ఆ తాళం తీయించండి. అలారం ఎంత చక్కగా మోగినా గేటు తెరవదు కదా.

ప్రశ్న: భీమవరంలో అయిదంతస్తుల అపార్ట్‌మెంట్ మాది. కింద పార్కింగ్. మాకు ఫైర్ అలారం తప్పనిసరా? బిల్డర్ అక్కర్లేదన్నారు. నాలుగు ఇళ్లలో ఎలక్ట్రిక్ స్కూటర్లు ఉన్నాయి, రాత్రంతా కిందే చార్జింగ్. నాకు టెన్షన్‌గా ఉంది.
– ఓ గృహిణి

జవాబు: నివాస భవనాలకి ఎన్‌ఓసీ గీత 18 మీటర్ల ఎత్తు, కమర్షియల్‌కి 15. మీ భవనం ఎత్తు ఎంతో మంజూరైన ప్లాన్ మీద ఉంటుంది, అసోసియేషన్ దగ్గర కాపీ అడిగి చూడండి. గీత కింద ఉంటే బిల్డర్ చెప్పింది చట్టం వరకు నిజమే కావచ్చు. మీ భయం కూడా నిజమే. పార్కింగ్‌లో మంటొస్తే పొగ నేరుగా మెట్ల మీదుగా పైకి లేస్తుంది. మీటర్ల బోర్డు, స్కూటర్ల చార్జింగ్ రెండూ మెట్ల మొదట్లోనే ఉంటే మరీ ప్రమాదం. ముందు చార్జింగ్‌ని మెట్లకి దూరంగా, బయటి గోడ వైపు మార్పించండి. దానికి విడిగా ఎంసీబీ (లోడు ఎక్కువైతే కరెంటు ఆపేసే స్విచ్) పెట్టించండి. తర్వాత అందరూ తలాకాస్త వేసుకుని ఒక చిన్న ప్యానెల్, పార్కింగ్‌లో డిటెక్టర్లు, ప్రతి అంతస్తులో ఒక హూటర్, ఒక బ్రేక్ గ్లాస్ (నిప్పు చూసినవారు అద్దం నొక్కి అలారం మోగించే పెట్టె) పెట్టించుకోండి. అంతవరకు ఇంట్లో బ్యాటరీతో పనిచేసే పొగ అలారం ఒకటి పడకగది బయట సీలింగ్‌కి బిగించుకోండి. వంటింట్లో మాత్రం వద్దు, తాలింపు పెట్టిన ప్రతిసారీ మోగి, నాలుగో రోజుకి మీరే బ్యాటరీ తీసేస్తారు.

ప్రశ్న: అంతర్వేదిలో మాకు చిన్న లాడ్జి ఉంది. 18 గదులు. కారిడార్‌లో రెండు డిటెక్టర్లు, ఒక హూటర్ ఉన్నాయి. కల్యాణం రోజుల్లో గదికి ఎనిమిదేసి మంది పడుకుంటారు. ఇది చాలదని, గదిగదికీ పెట్టాలని ఒకరంటున్నారు. ఖర్చు పెంచడానికి చెబుతున్నారేమో అని అనుమానం. పైగా సముద్రపు గాలికి ఏ పరికరమూ నిలవట్లేదు.
– లాడ్జి నిర్వాహకుడు

జవాబు: ఖర్చు పెంచడానికి కాదండి, వారు చెప్పింది సరైన మాట. తలుపు వేసిన గదిలో పరుపు అంటుకుంటే పొగ కారిడార్‌లోకి వచ్చేసరికి లోపల పడుకున్నవారు లేచే స్థితిలో ఉండరు. మంట కంటే ముందు పొగే మనిషిని పడేస్తుంది. 2020 ఆగస్టు 9 తెల్లవారుజామున విజయవాడలో కోవిడ్ కేంద్రంగా నడుస్తున్న హోటల్లో మంటలు రేగి పది మంది పోయారు. ఆ మరుసటి నెలలోనే మీ ఊళ్లో స్వామివారి రథం రాత్రిపూట షెడ్డులోనే కాలిపోయింది. నిద్రపోయే వేళ వచ్చే నిప్పు ఎలాంటిదో మీకు నేను చెప్పక్కర్లేదు.

ప్రతి గదికీ ఒక పొగ డిటెక్టర్, గోడకి కనీసం అర మీటరు దూరంలో, ఏసీ గాలి నేరుగా తగలని చోట. గది తలుపు పైన బయటివైపు చిన్న ఎర్ర లైటు పెట్టించండి, దాన్ని రెస్పాన్స్ ఇండికేటర్ అంటారు. అర్ధరాత్రి మోగినప్పుడు మీ కుర్రాడు తాళాల గుత్తి పట్టుకుని పద్దెనిమిది తలుపులూ కొట్టకుండా ఏ గదో చూడగానే తెలుస్తుంది. హూటర్ శబ్దం గదిలో తలగడ దగ్గర కనీసం 75 డెసిబెల్స్ వినిపించాలి. కారిడార్‌లో ఎంత గట్టిగా ఉన్నా తలుపు వేస్తే చాలా తగ్గిపోతుంది. మీరే ఒక గదిలో తలుపేసి, ఏసీ, ఫ్యాను పెట్టి మంచం మీద పడుకుని, బయట హూటర్ మోగించమనండి. లేపేలా లేదనిపిస్తే మీకు హూటర్లు చాలవు.

ఉప్పుగాలి విషయంలో మీ బాధ నాకు తెలుసు. నరసాపురం నుంచి మీ వైపు దాకా టెర్మినల్ స్క్రూలు పచ్చగా చిలుం పట్టి, ముట్టుకుంటే పొడి రాలుతుంది. బయటి హూటర్లు, బ్రేక్ గ్లాస్‌లు నీరు, తేమ చొరబడని రకం, గ్లాండ్లు (కేబుల్ దూరే చోట బిగించే మూతలు) వేసి బిగించినవే తీసుకోండి. ప్యానెల్‌ని వరండాలో కాదు, రిసెప్షన్ లోపలి గోడకి పెట్టండి. కల్యాణానికి నెల ముందు ఒకసారి పూర్తి సర్వీసు చేయించండి.

ప్రశ్న: అక్కా, ఐటీఐ ఎలక్ట్రీషియన్ చేశాను. రాజోలు చుట్టుపక్కల ఫైర్ అలారం పనులు వస్తున్నాయి. ఇంటి వైరింగ్ వచ్చు. ఇది కూడా అంతేనా? ఫాల్ట్ లైటు పోవడం లేదంటే ఒక సీనియర్ రెసిస్టర్‌ని ప్యానెల్‌లోనే పెట్టెయ్యమన్నాడు, పెడితే పోయింది. అది కరెక్టేనా?
– ఓ యువకుడు

జవాబు: తమ్ముడూ, కరెక్ట్ కాదు. నువ్వు అడిగినందుకు సంతోషం, అడగకుండా పెట్టేసేవాళ్లే ఎక్కువ.

కన్వెన్షనల్ ప్యానెల్ (ఏ డిటెక్టరో కాక, ఏ జోనో మాత్రమే చూపించే రకం) నుంచి ఒక జోన్‌కి రెండు వైర్లు వెళ్తాయి. అవి ఒక డిటెక్టర్ నుంచి ఇంకో డిటెక్టర్‌కి వరసగా పోయి, చివరిదాని బేస్‌లో రెసిస్టర్‌తో ముగుస్తాయి. ప్యానెల్ ఆ వైర్లలో ఎప్పుడూ కొద్దిపాటి కరెంటు పంపిస్తూ, అది చివరి రెసిస్టర్ దాకా వెళ్లి వస్తోందా అని చూస్తూ ఉంటుంది. మధ్యలో ఎలుక కొరికినా, ఎవరైనా డిటెక్టర్ ఊడదీసినా కరెంటు తెగుతుంది, పసుపు ఫాల్ట్ లైటు వెలుగుతుంది. రెసిస్టర్ ప్యానెల్ లోపలే పెడితే? బయట మొత్తం వైరు తెగిపోయినా ప్యానెల్ అంతా బాగుందనే చూపిస్తుంది. ఆకుపచ్చ లైటు చూసి యజమాని నిశ్చింతగా నిద్రపోతాడు, పైన డిటెక్టర్లలో ఒక్కటీ బతికి ఉండదు. రేపే వెళ్లి ఆ రెసిస్టర్ తీసి చివరి బేస్‌లో పెట్టు. ఫాల్ట్ మళ్లీ వస్తే వైరు ఎక్కడో తెగిందని అర్థం. మధ్య డిటెక్టర్ దగ్గర రెసిస్టర్ పెట్టి చూడు, ఫాల్ట్ పోతే తెగింది అవతల సగంలో. అలా సగం సగం చేసుకుంటూ పో, దొరుకుతుంది. రెసిస్టర్ విలువ ప్యానెల్‌కో రకం, డబ్బాలో ఇచ్చిందే వాడు.

ఇంటి వైరింగ్ అలవాటు ఇక్కడ ఒకచోట దెబ్బతీస్తుంది. దారిలో టీ కొట్టి పక్క గదికి లైను లాగకూడదు. ఆ కొమ్మ తెగితే ప్యానెల్‌కి తెలియదు. పోయి రావాల్సి వచ్చినా, వైరు ఎక్కువ పట్టినా వరసలోనే పోవాలి. ఒక జోన్‌కి 20 డిటెక్టర్లకి మించనీయకు. బ్రేక్ గ్లాస్‌లకి విడి జోన్ ఇవ్వు, నేల నుంచి 1.4 మీటర్ల ఎత్తులో, దారుల దగ్గర. కేబుల్‌ని 230 వోల్టుల వైర్లతో ఒకే పైపులో తొయ్యకు.

పని అప్పగించే రోజు యజమాని ఎదురుగా మూడు పనులు చేసి చూపించు. డిటెక్టర్ ఒకటి బేస్ నుంచి తిప్పి తీస్తే ఫాల్ట్ రావాలి. టెస్ట్ స్ప్రే కొడితే అలారం రావాలి. మెయిన్ ఆపేస్తే ప్యానెల్ బ్యాటరీ మీద నడవాలి. లోపల రెండు 12 వోల్టుల బ్యాటరీలు ఉంటాయి. కరెంటు లేకుండా 24 గంటలు నిలిచి, ఆ తర్వాత అరగంట హూటర్లు మోగించగలగాలి. బ్యాటరీ మీద పెట్టిన తేదీ మార్కర్‌తో రాయి. సున్నాలేసి రంగులు కొట్టే పని అయ్యాక డిటెక్టర్ల మీది ప్లాస్టిక్ మూతలు తీయడం మర్చిపోవద్దు. కొత్త బిల్డింగుల్లో ఆ మూతలతోనే గృహప్రవేశాలు అయిపోతున్నాయి.

అక్టోబరు, నవంబరుల్లో ఏ కారణం లేకుండా రాత్రిళ్లు అలారాలు మోగుతున్నాయని ఫోన్లు వస్తాయి. డిటెక్టర్ విప్పి చూడు, వరి చేల నుంచి దీపాలకి వచ్చే పచ్చదీపపు పురుగులు లోపలి అరలో చేరి ఉంటాయి. మెత్తటి బ్రష్‌తో దులిపి, బ్లోయర్‌తో ఊది పెట్టు. ఆ వరండాలో లైటు డిటెక్టర్‌కి ఆనుకుని ఉంటే దాన్ని కాస్త పక్కకి మార్పించు.

ప్రశ్న: తణుకు దగ్గర మా రైస్ మిల్లులో పొగ డిటెక్టర్లు ఊక దుమ్ముకి వారానికోసారి మోగుతున్నాయి. ఏం చేయమంటారు?

జవాబు: మిల్లు ఆడే హాల్లో పొగ డిటెక్టర్లు తీయించి వేడి డిటెక్టర్లు వేయించండి, సంఖ్య పెరుగుతుందని పైన చెప్పాను. ఆఫీసు, కరెంటు గది, గోనె సంచుల గదిలో పొగవే ఉంచండి. పని జరిగే వేళ కళ్లారా చూసే మనుషులు ఉంటారు కాబట్టి ప్రతి గుమ్మం దగ్గరా బ్రేక్ గ్లాస్ పెట్టించి, హమాలీలందరి చేతా ఒక్కోసారి నొక్కించి చూపించండి. మిషన్ల మోతలో వినబడాలంటే హూటర్ ఆ మోత కంటే కనీసం 5 డెసిబెల్స్ ఎక్కువ ఉండాలి, దాంతోపాటు మినుకు మినుకుమనే లైటు కూడా పెట్టించండి. మోటార్ల మీద, ఎలివేటర్ బేరింగుల దగ్గర పేరుకున్న దుమ్ము రోజూ తుడిపించండి. బేరింగు వేడెక్కితే మొదట రాజుకునేది ఆ దుమ్మే. నిప్పు కనబడితే 101కి ఫోన్ చేశాకే బకెట్లు పట్టుకోమనండి.