కాంపౌండ్ గోడ పక్కన ఐదడుగుల జాగాలో పారిజాతం పెట్టాలా, పీస్ లిల్లీ పెట్టాలా?

పొద్దున నాలుగైదు గంటలు ఎండ, తర్వాత పడమటి అపార్ట్‌మెంట్ నీడ అన్నారు కదా. పారిజాతానికి ఆ ఎండ చాలు. అదే పెట్టండి.

మా అల్వాల్ ఇంట్లోనూ ఇదే పరిస్థితి. నీడ కదా అని ముందు నేనూ ఆరు పీస్ లిల్లీలు తెచ్చాను. కడియం నుంచి వచ్చిన మొక్కలు, ఆకులు నిగనిగలాడుతున్నాయి. పొద్దుటి ఎండ తగలని మూలనే పెట్టినా మార్చి దాటేసరికి ఆకుల కొసలు మాడాయి. రెండు పూటలా బోరు నీళ్లు పోస్తే ఇంకా మాడాయి. మే నెలలో నాలుగు పోయాయి. అమెరికా ఖండపు వాన అడవుల మొక్క అది. నీడ ఎంత కావాలో గాలిలో తేమా అంతే కావాలి. హైదరాబాద్ వేసవిలో నీడ ఉంటుంది, తేమ ఉండదు. ఇంట్లో ఆరేసిన తువ్వాలు గంటలో ఎండిపోతుంది. గోదావరి పక్కన పెరిగిన మొక్కను అమ్మేటప్పుడు నర్సరీవాళ్లు ఈ ఒక్క మాట చెప్పాలి, చెప్పరు.

జూన్ చివర వానలు పడ్డాక పారిజాతానికి గుంత తవ్వాం. అడుగు లోతులోనే గడ్డపార ఖంగుమంది. రాయనుకున్నాం. తీస్తే సిమెంటు గడ్డలు, టైల్స్ ముక్కలు, పగిలిన వాష్‌బేసిన్, రెండు పెయింట్ డబ్బాలు. పదిహేను తట్టలు ఎత్తిపోశాం. లక్షలు తీసుకుని ఇల్లు కట్టినవాళ్లు చెత్తంతా మన మట్టిలోనే పూడ్చిపోయారు! ఈ ఊళ్లో సగం మొక్కలు చచ్చేది దీనివల్లే. మీరూ రెండడుగులు తవ్వి చూసుకోండి. మేం ఎర్రమట్టి, బాగా మాగిన పశువుల ఎరువు నింపి నడుమెత్తు మొక్క నాటాం.

మూడో ఏడు వినాయక చవితికి పూసింది. మా అత్తమ్మ రాత్రే చెట్టు కింద పాత చీర పరిచింది. తెల్లారి గేటు దగ్గరికి వెళ్తే చీర కనపడనంతగా తెల్లటి రేకులు, నారింజ కాడలు. "నేల రాలినా దేవుడికి పెట్టే పువ్వు ఇదేనమ్మా" అంటూ నాలుగు కొసలూ పట్టి ఎత్తింది. పక్కింటి పిల్లలు కూడా దోసిళ్లతో పట్టుకెళ్లారు.

వానాకాలంలో కాండానికి గొంగళ్లు గుంపుగా పడతాయి, చీపురుతో ఊడ్చేయండి. గోడకు రెండడుగులైనా ఎడం ఇవ్వండి. పూలు అయిపోయాక ఏటా కొమ్మలు కత్తిరిస్తే చెట్టు అదుపులో ఉంటుంది.

మిగిలిన రెండు పీస్ లిల్లీ కుండీలు ఇప్పుడు ఆ చెట్టు కిందే ఉన్నాయి. బోరు నీళ్లు మానేసి నల్లా నీళ్లు పోస్తున్నాను, కొత్త ఆకులు మాడకుండా వస్తున్నాయి. మీకు రెండూ కావాలంటే ముందు చెట్టు నాటండి, కుండీ తర్వాత తెచ్చుకోవచ్చు.